చార్జి లిస్టులో ఏడో వరస

మోజంజాహీ మార్కెట్ దగ్గర మీరు ఆటో దిగేసరికి పది కావస్తోంది. ఐస్‌క్రీం దుకాణాల వాళ్లు అప్పుడప్పుడే కుర్చీలు బయట వేస్తున్నారు. మీరు అటు పోరు. హౌసింగ్ బోర్డు కాంప్లెక్సులో ‘సమాచార హక్కు భవన్’ బోర్డు వెతుక్కుని మెట్లెక్కుతారు. తెలంగాణ సమాచార కమిషన్ ఉండేది ఇక్కడే.

వరండాలో ఎవరు ఏ పక్షమో అడగనక్కర్లేదు, చేతులు చూస్తే చాలు. దరఖాస్తుదార్ల చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, అధికారుల చేతుల్లో నాడా కట్టిన ఫైళ్లు. మీ కవరులో విచారణ నోటీసు ఉంది, దాని కింద దరఖాస్తు నకలు, మొదటి అప్పీలు నకలు, పోస్టాఫీసు రసీదులు ఉన్నాయి. రసీదుల మీది సిరా సగం వెలిసిపోయింది. పోదా మరి? రెండో అప్పీలు మీరు 2024లో పంపారు. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఈ కమిషన్‌లో ఒక్క కమిషనరు కూడా లేడు. చట్టం అమల్లో ఉంది, ఆఫీసు ఉంది, ఉత్తరం తీసుకుని ముద్ర వేసేవాళ్లు కూడా ఉన్నారు. వినేవాళ్లే లేరు.

“అన్నా, మీరు గూడ తెల్లారి బస్సుకే వచ్చిండ్రా?”

వెనక్కి తిరిగితే మీ ఊరి పంచాయతీ కార్యదర్శి. పాతికేళ్ల పిల్ల, ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. మీ కేసులో ఎదుటి పక్షం ఆమే. ఊళ్లో రోజూ ఎదురుపడే మనిషి.

“నేనొచ్చినంక జరిగింది కాదు గదనే అది. నన్నెందుకు ఇరికిస్తున్నరు?”

నిజమే, ఆమె వచ్చాక జరిగింది కాదు. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసి, ఊరు స్పెషలాఫీసరు చేతికి పోయాక జరిగిందది. జరిగిందో లేదో తేలాలనే మీరు ఇంత దూరం వచ్చారు. ఫలానా తేదీన బడి ఆవరణలో గ్రామసభ పెట్టామని, పంచాయతీ ట్రాక్టరు డీజిలుకు, మురికి కాల్వల పూడికకు డబ్బు మంజూరు చేశామని కాగితం చెబుతోంది. ఆ రోజు మీరు ఊళ్లోనే ఉన్నారు. డప్పు చాటింపు వినలేదు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడేనని రాజ్యాంగం 243వ అధికరణంలోనే ఉంది. సభ్యుడికే తెలియకుండా సభ ఎట్లా జరిగింది?

ఆ ప్రశ్ననే కాగితం మీద పెట్టి ఉంటే ఈపాటికి ఓడిపోయేవాళ్లు. సమాచార హక్కు చట్టానికి ‘ఎందుకు’, ‘ఎట్లా’ పట్టవు. అది ఇప్పించగలిగేది ఆఫీసులో ఉన్న కాగితాన్నే. అందుకని మీరు నాలుగు కాగితాలు అడిగారు. సభకు ముందు ఇచ్చిన నోటీసు, చాటింపు వేసినాయనకు డబ్బిచ్చిన వోచరు, తీర్మానాలు రాసిన మినిట్స్ బుక్కులో ఆనాటి పేజీలు, హాజరు సంతకాలు. గ్రామ పంచాయతీలో దరఖాస్తుకు రుసుము లేదు. మండలాఫీసులో అయితే ఐదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజులు గడిచినా జవాబు రాలేదు. మొదటి అప్పీలు పెట్టుకున్న తరువాత ఒకే ఒక్క వాక్యం వచ్చింది: ‘సదరు రికార్డు లభ్యం కాలేదు.’

మీ నంబరు పిలుస్తారు.

గది మీరు అనుకున్నదాని కంటే చిన్నది. బోను లేదు, నల్లకోట్లు లేవు. కమిషనరు ముందు ఫైలు, పక్కన కంప్యూటరు దగ్గర ఒక ఉద్యోగి. మీరూ కార్యదర్శీ ఒకే బల్ల ముందు భుజం భుజం తగిలేంత దగ్గరగా నిలబడాలి.

“సమాచారం ఇచ్చారా అమ్మా?”

“ఆ మినిట్స్ బుక్కు దొరకలేదు సార్. నాకు చార్జిలో ఇయ్యలేదు.”

మీ గొంతులో రెండేళ్ల మాట కదులుతుంది. సభే జరగలేదని, ట్రాక్టరు షెడ్డు దాటకుండానే డీజిలు తాగిందని మొదలుపెడతారు. ఆయన చెయ్యెత్తి ఆపుతాడు.

“సభ చెల్లుతుందా, డబ్బు తిన్నారా అన్నది ఇక్కడ తేల్చేది కాదు. మీరడిగిన పుస్తకం ఎక్కడుందో అది తేలుద్దాం.” ఆమె వైపు తిరుగుతాడు. “చార్జి లిస్టు తెచ్చారా?”

ఈ మాటతో కేసు మలుపు తిరుగుతుంది. చార్జి లిస్టు గురించి ఊళ్లల్లో ఎవరూ పట్టించుకోరు. ఒక కార్యదర్శి బదిలీ అయి ఇంకొకరు వచ్చినప్పుడు రిజిస్టర్లు, రసీదు పుస్తకాలు, తాళాలు, ముద్రలు అన్నీ వరసగా రాసి, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు చేస్తారు. అంత హడావుడిలో చదివి సంతకం పెట్టేవాళ్లు తక్కువ.

ఆమె నాడా విప్పి కాగితం తీసి ఇస్తుంది. దాచాలన్న ఆలోచన కూడా లేదు పాపం. ఆయన వేలితో వరసలు దిగుతూ వచ్చి ఒకచోట ఆగుతాడు.

“ఏడో వరస మీరే చదవండి.”

“గ్రామసభ మినిట్స్ బుక్కు... ఒకటి.”

“అందినట్టు సంతకం ఎవరిది?”

“నాదే సార్.”

పుస్తకం కనబడటం లేదన్నది సమాచారం నిరాకరించడానికి కారణం కాదు. చట్టంలోని మినహాయింపుల్లో ఎక్కడా ఆ మాట లేదు. రికార్డు పోయిందని చెప్పి చేతులు దులుపుకుంటే కుదరదని, గట్టిగా వెతికించాలని, పోగొట్టిన బాధ్యులెవరో తేల్చాలని ఢిల్లీ హైకోర్టు 2013లోనే చెప్పింది. ఇవ్వవలసింది ఇవ్వకపోతే జరిమానా రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000. అది పంచాయతీ ఖాతాలోంచి కాదు, ఆమె జీతంలోంచి పోతుంది.

కమిషనరు ఉత్తర్వు చెబుతుంటే ఉద్యోగి టైపు చేస్తున్నాడు. పదిహేను రోజుల్లో పుస్తకం వెతికి దరఖాస్తుదారుకు చూపించాలి. గడువు దాటింది కాబట్టి నకళ్లకు పైసా తీసుకోకూడదు. దొరక్కపోతే ప్రమాణపత్రం దాఖలు చేసి, జరిమానా ఎందుకు వేయకూడదో చెప్పుకోవాలి. తరువాతి నంబరు పిలిచేశారు. వచ్చిన దూరానికీ నిలబడ్డ సేపుకూ పొంతన లేదు.

పుస్తకం మూడో రోజుకే దొరుకుతుంది. పోవడానికి అదెక్కడికీ పోలేదు. ఆడిట్ కోసం మండలాఫీసుకు తీసుకుపోయి, మళ్లీ ఎవరూ తెచ్చుకోలేదు, అంతే. ఇలాంటి ‘లభ్యం కాలేదు’లలో చాలా వాటి వెనక కుట్ర కంటే బద్ధకమే ఎక్కువ ఉంటుందని నా అనుమానం. కుట్ర ఉన్నచోట కూడా బద్ధకం దానికి బాగా పనికొస్తుంది.

పంచాయతీ ఆఫీసులో ఫ్యాను కింద కుర్చీ వేసి, పుస్తకం మీ ముందు పెట్టి, ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లిపోతుంది. మామూలు తనిఖీకి మొదటి గంట ఉచితం, ఆపైన ప్రతి పావుగంటకూ ఐదు రూపాయలు. ఇవాళ ఆ లెక్క లేదు. తీరిగ్గా చూడండి.

పొడవాటి రిజిస్టరు, అట్ట మూలలు నలిగిపోయాయి. మీ తేదీ వస్తుంది. పైన అజెండా, కింద ప్రతి అంశానికీ అదే ముగింపు, ‘సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’ పెద్దగా వాదులాట లేకుండా మీ ఊరు మంచినీళ్ల వంతు కూడా తేల్చుకోలేదు. డీజిలు మీద ఏకగ్రీవమట.

తరువాతి పేజీలో సంతకాలు. పేర్లన్నీ ఒకే చేతిరాత, ఒకే పెన్ను. అందులో తప్పు లేదు, పేర్లు ఆఫీసువాళ్లు రాసి ఎదురుగా సంతకం పెట్టించుకోవడం మామూలే. మీరు ఎదుటి గడులు చూస్తారు. మూడేళ్ల కింద దుబాయి పోయి ఇప్పటిదాకా తిరిగిరాని మీ వెనకింటాయన సంతకం ఉంది. ఇంకాస్త కిందికి వస్తే మీ నాన్న పేరు, దాని ఎదురుగా వేలిముద్ర. మీ నాన్న బ్యాంకులో పాసుపుస్తకం మీద కూడా గుండ్రంగా తెలుగులో సంతకం చేసే మనిషి. వేలిముద్ర అంటే ఆయనకు తలవంపు.

వోచర్ల ఫైలు తెరుస్తారు. దీనికి ముందటి సభకు చాటింపు వేసినాయనకు ఇచ్చిన డబ్బుకు వోచరు ఉంది. ఈ సభకు లేదు. నోటీసు నకలూ లేదు. మీరడిగిన నాలుగు కాగితాల్లో ఉన్న రెండు సభ జరిగిందంటున్నాయి. మిగతా రెండూ లేనే లేవు. అవి లేవని రాసివ్వమంటే ఆమె పెన్ను పట్టుకుని ఆలోచిస్తుంది.

“ఆ రాత నాది గాదని గూడ అందులనే రాయాల్నా అన్నా?”

“అదొద్దు తల్లీ. లేవు అని రాయి, చాలు.”

రాసిస్తుంది. ప్రతి నకలు మీదా ‘నిజప్రతి’ ముద్ర, సంతకం, తేదీ. కమిషన్ దృష్టిలో మీ కేసు ఇక్కడితో ముగిసింది.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. పింఛను రాలేదన్నవాళ్లు, పట్టాలో పేరు తప్పు పడిందన్నవాళ్లు, ఇందిరమ్మ ఇల్లు రాలేదన్నవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. మీ అర్జీకి నకళ్లు కుట్టి ఉన్నాయి. జిల్లా పంచాయతీ అధికారి చేత విచారణ జరిపించమని అందులో రాశారు. కౌంటరు దగ్గర గుమాస్తా పేజీలు తిప్పి, దుబాయి ఆయన సంతకం దగ్గర ఒకసారి తలెత్తి మిమ్మల్ని చూసి, రసీదు నంబరు వేయడానికి పెన్ను తీస్తాడు.

“ఒక్క నిమిషం సార్,” అంటూ మీరు అర్జీ వెనక్కి తీసుకుని, అడుగున ఖాళీ జాగాలో ఇంకో వాక్యం చేరుస్తారు. విచారణాధికారి ఊరికి వచ్చే తేదీని రెండు రోజుల ముందే డప్పు చాటింపు వేయించి తెలియజేయగలరు.