నంద్యాల ఓటు, పోఖ్రాన్ పరీక్ష

డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పినన్నాళ్లూ అణువిధానం పాఠాన్ని నేను నంద్యాల ఉపఎన్నికతోనే మొదలుపెట్టేవాణ్ణి. 1991లో ప్రధాని అయ్యేనాటికి పి.వి. నరసింహారావు గారు ఏ సభలోనూ సభ్యులు కారు. గంగుల ప్రతాపరెడ్డి ఇక్కడి లోక్‌సభ సీటు ఖాళీ చేసి ఇచ్చారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీ రామారావు తన పార్టీ అభ్యర్థిని నిలబెట్టలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ జనం ఓట్లు కుమ్మరించారు. మెజారిటీ 5.80 లక్షలు!

మనం గెలిపించి పంపిన ఆ మనిషి ముందుకు 1995లో పెద్ద చిక్కు వచ్చింది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని ఆ మే నెలలో గడువంటూ లేకుండా పొడిగించేశారు. పరీక్షలనే పూర్తిగా నిషేధించే మరో ఒప్పందం జెనీవాలో తయారవుతోంది. అది ఖాయమైతే మన దారి ఇంకా ఇరుకవుతుంది. పోఖ్రాన్‌లో అణుపరీక్షకు ఏర్పాట్లు మొదలయ్యాయి. అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి, డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది, వాషింగ్టన్ ఒత్తిడి తెచ్చింది. పరీక్ష జరగలేదు.

పి.వి. భయపడి ఆగారని కొందరంటారు. నేను ఒప్పుకోను. భయపడినవాడు పనిని అక్కడితో వదిలేస్తాడు. 1996 మేలో ఓడి దిగిపోతూ కూడా ఆయన, కొత్త ప్రధాని వాజపేయికి అంతా వివరించమని తనను, అణు శాస్త్రవేత్త ఆర్. చిదంబరాన్ని పంపారని అబ్దుల్ కలామే తర్వాత చెప్పారు. చివరకు వాజపేయి ప్రధానిగా ఉండగానే 1998 మే 11, 13 తేదీల్లో పరీక్షలు జరిగాయి. పి.వి. పోయాక, ఆ ఘనత ఆయనదేనని వాజపేయి నిండు మనసుతో ఒప్పుకున్నారు.

కాస్త వెనక్కి వెళ్తే, 1996 జూన్‌లో జెనీవాలో ఆ నిషేధ ఒప్పందంపై భారత్ సంతకం చేయదని గట్టిగా చెప్పింది మన రాయబారి అరుంధతీ ఘోష్. పాతికేళ్లు నిండకముందే విదేశాంగ సర్వీసులో చేరిన మనిషి ఆమె. పిల్లలకు నేను ఎక్కువసేపు చెప్పింది ఈమె గురించే. బాంబు శాస్త్రవేత్తలు చేస్తారు. దాని గురించి ప్రపంచంతో మాట్లాడటానికి చిన్న వయసులో చేరి, ఏళ్ల తరబడి ఒప్పందాల్లోని ప్రతి వాక్యం చదివినవాళ్లు కావాలి.

ఈ అణు వ్యవహారం మన పొలాల దాకా కూడా వచ్చింది. 2019లో ఆళ్లగడ్డ ప్రాంతంలో యురేనియం కోసం బోర్లు వేస్తుంటే రైతులు అడ్డం తిరిగారు. పక్కనున్న కడప జిల్లా తుమ్మలపల్లెలో గని పక్క ఊళ్లవాళ్లు నీళ్లు పాడయ్యాయని మొత్తుకోవడం వాళ్లకు తెలుసు. ఆ రైతుల మాట, ఢిల్లీ మాట రెండూ అర్థమయ్యేవాళ్లు విదేశాంగ శాఖలో ఉండాలి. అలాంటివాళ్లు మన ఊళ్లనుంచి కాక ఇంకెక్కడినుంచి వస్తారు?

సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. కనీస వయసు ఇరవై ఒక్కేళ్లు. నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలారా, దరఖాస్తులో సర్వీసులు ఎంచుకునేటప్పుడు ఐఏఎస్ పక్కన విదేశాంగ సర్వీసు ఐఎఫ్‌ఎస్‌ను కూడా పైవరుసలో పెట్టండి.