పునాది గోతిలో ఎవరున్నారు?

మన చరిత్ర పుస్తకాల్లో భవనం గోడల దగ్గర మొదలవుతుంది. కోట కట్టించిన రాజు పేరుంటుంది, శాసనం వేయించిన మంత్రి పేరుంటుంది. గొయ్యి తవ్వినోళ్ల పేర్లుండవు. ఆ గోతిలోకి తొంగిచూసిన వ్యాసమొకటి 1855లో వచ్చింది. పూణేలో ఫూలే దంపతుల బడిలో చదువుకున్న మాంగ్ కులపు పిల్ల ముక్తా సాల్వే, మరాఠీ పత్రిక 'జ్ఞానోదయ'లో మాంగ్, మహార్ల కష్టాల మీద రాసింది. తమవాళ్లను భూముల్నుంచి తరిమేసి పెద్ద మేడలు కట్టుకున్నారనీ, ఆ మేడల పునాదుల్లో తమవాళ్లనే పాతిపెట్టారనీ ఆమె ఆరోపణ.

ప్రాణాల సంగతి అట్లా ఉంచి, చెమట సంగతే చూద్దాం. పునాది పనంటే వొట్టి మోత పనని చదువుకున్నోళ్ల నమ్మకం. కాదు. రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దానిమీద నేరుగా గోడ లేపితే బీటలు వారుతుంది. గట్టి నేల తగిలేదాకా తవ్వాలి, లేదా రేగడి తీసేసి మొరం నింపాలి. గట్టి నేల తగిలిందని ముందు తెలిసేది గడ్డపార పట్టిన చేతికే. నింపేటప్పుడు మట్టంతా ఒక్కసారే గుమ్మరిస్తే పైన బిగిసి లోపల గుల్లగా ఉండిపోతుంది. జానెడు మందం పొర పరచాలి, నీళ్లు చల్లాలి, దిమ్మిసతో కొట్టాలి. ఆ తర్వాతే రెండో పొర. నీళ్లు తక్కువైతే మట్టి పట్టుకోదు. ఎక్కువైతే సందుల్లో నీళ్లే నిండి, దెబ్బ వేస్తే పక్కకు జారుతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, చేతికి తడి అంటకూడదు. అదీ కొలత.

1933లో లాస్ ఏంజెలెస్ ఇంజనీరు ప్రాక్టర్ దీన్ని అంకెల్లో పెట్టాడు. ఏ మట్టి ఎంత తేమ దగ్గర బాగా బిగుస్తుందో పరీక్షించి చూపాడు. ఆ పరీక్ష ఇవాళ్టికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆయన పని గొప్పదే, కాదనం. మరి తరతరాలుగా చెరువుకట్టలూ పునాదులూ బిగించిన మాల, మాదిగ, వడ్డెర, ఉప్పర చేతుల తెలివి 'నైపుణ్యం లేని కూలి' ఖాతాలో ఎందుకు పడింది? అది మట్టి చెప్పిన మాట కాదు, కులం చెప్పిన మాట.

అంటరానితనం లెక్క కూడా ఇక్కడే బయటపడుతుంది. మాదిగ చెయ్యి తగిలిన మట్టి ఇంటి అడుగున ఉంటే మైల లేదు. గడప నిలబెట్టి గృహప్రవేశం అయ్యాక మాత్రం ఆ మనిషే వాకిట్లో నిలబడాలి. పునాదికి లేని అంటు గడపకెట్లా వచ్చింది? మైల మట్టిలో లేదు, మనిషిలోనూ లేదు. ఆ ఇల్లు ఎవరిదన్న దాంట్లో ఉంది.

ప్రమాదం కూడా ఆ గోతిలోనే ఉంది. ఘనమీటరు మట్టి టన్నున్నరకు పైగా తూగుతుంది. అది ఛాతీ దాకా కప్పితే ఊపిరాడదు. తవ్వకం భద్రతకు భారత ప్రమాణం ఐఎస్ 3764 ఉంది. 1992లో సవరించిన ఆ ప్రమాణం ప్రకారం, రాతినేల కాకపోతే, మీటరున్నర లోతు దాటిన కందకానికి చెక్కల దన్ను పెట్టాలి. ఆ చెక్కల ఖర్చు మిగిలేది కాంట్రాక్టరుకు, పోయేది కూలి ప్రాణం. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేశారు గానీ, హాజరు పట్టీలో పేరెక్కని మనిషికి చట్టమెట్లా అందుతుంది?

ఇప్పుడు జేసీబీలొచ్చాయి, రోలర్లొచ్చాయి. యంత్రం అందని మూలలో దిగేది ఇంకా మనిషే. దిమ్మిస పట్టిన ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. శాసనాల నకళ్లు తీసుకునే మనం, వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల మాటలూ రాసుకోవాలి. భవనాల చరిత్రకు పునాది పడాల్సింది అక్కడే.