గోస్తని ఇసుక నుంచి దవడ ఎముక దాకా

తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే ఒక శిలాజాతికి భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్. వాకర్ 1902లో అక్కడి ఆదివాసులైన ఖోండుల పేరు మీద ఖోండలైట్ అని నామకరణం చేశాడు. యుగాలుగా ఎండకూ వానకూ శిథిలమవుతున్న ఈ కొండల శిలల నుంచి విడివడిన బరువైన ఖనిజ రేణువులను, అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా సాగే గోస్తని వంటి నదులు బంగాళాఖాతానికి మోసుకుపోగా, భీమునిపట్నం తీరపు ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్ నిక్షేపాలు ఏర్పడ్డాయి. మొదటి రెండూ టైటానియం లోహానికి ముడిసరుకులు, మూడోది పింగాణీ వంటి గట్టి తెల్లని జిర్కోనియాకు మూలం. పళ్లన్నీ ఊడిన దవడకు కదలని పలువరుసను అమర్చే నేటి వైద్యం ఎక్కువగా ఈ రెండు పదార్థాల మీదే నిలిచి ఉంది.

పన్ను ఊడిన చోట నమిలే ఒత్తిడి అందక దవడ ఎముక ఏటికేడు అరిగిపోతుంది కాబట్టి, చిగుళ్ల మీద ఆనే కట్టుడు పళ్లు, ముఖ్యంగా కింది దవడలో, పట్టు తప్పి జారిపోతుంటాయి. ఈ చిక్కుకు దారి 1952లో స్వీడన్‌లో అనుకోకుండా దొరికింది. కుందేలు ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి పరిశోధకుడు పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ అమర్చిన టైటానియం పరికరం ఎముకతో ఏకమై ఊడిరాలేదు. లోహం ఉపరితలం మీద సహజంగా ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొరను శరీరం పరాయిదిగా తిరస్కరించకపోవడం వల్ల ఎముక కణాలు దాన్ని నేరుగా అంటిపెట్టుకుంటాయి. ఈ కలయికనే ఆసియో ఇంటిగ్రేషన్ అంటారు. 1965లో మనిషి దవడలో తొలిసారి టైటానియం మరలను బిగించిన బ్రానెమార్క్ పరిశోధనకు 1982 టొరంటో సదస్సు తర్వాతే ప్రపంచవ్యాప్త ఆమోదం లభించింది. తర్వాత పోర్చుగల్ వైద్యుడు పాలో మాలో, ముందువైపు రెండు మరలను నిటారుగా, వెనకవైపు రెండింటిని ఏటవాలుగా బిగించి, మొత్తం దవడకు స్థిరమైన పళ్ల బ్రిడ్జిని నాలుగింటి మీదే నిలిపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు.

ఈ మరలను ముందస్తు ప్రణాళికతో బిగించే గైడెడ్ పద్ధతిలో వైద్యుడు ముందుగా కోన్ బీమ్ సీటీ స్కాన్‌తో ఎముక మందాన్ని, కింది దవడలోని నరం దారిని, పై దవడ మీది సైనస్ కుహరాన్ని కొలిచి, కంప్యూటర్ తెర మీద ఒక్కో మర స్థానాన్నీ కోణాన్నీ లోతునూ నిర్ణయించాక, ఆ ప్రణాళిక ప్రకారం త్రీడీ ప్రింటర్‌లో అచ్చువేసిన రంధ్రాల తొడుగును నోట్లో బిగించి, ఆ రంధ్రాల గుండానే డ్రిల్లు దించుతాడు. అనువైన సందర్భాల్లో చిగురును పెద్దగా కోయవలసిన పని ఉండదు. మర తగినంత బిగువుగా కూర్చుంటే అదే రోజు తాత్కాలిక పళ్లు, ఎముక అతుక్కున్న కొన్ని నెలలకు శాశ్వత బ్రిడ్జి అమరుతాయి.

ఈ వైద్యానికి ఉత్తరాంధ్రలో ఒక ప్రత్యేకమైన అడ్డంకి ఉంది. చుట్ట నిప్పును నోటి లోపలివైపు ఉంచి కాల్చే అడ్డపొగ అలవాటుపై శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించిన పిండ్‌బోర్గ్ పరిశోధక బృందం, అంగిలిపై దాని వల్ల కలిగే మార్పులను 1971లో ప్రచురించింది. అంగిలి క్యాన్సర్‌కు దారితీసే ఈ అలవాటు ఉన్నచోట మరల ఆలోచనకు ముందే నోటిని క్షుణ్ణంగా పరీక్షించడం తప్పనిసరి. పొగాకు వల్ల మర ఎముకకు అతుక్కోకపోయే ముప్పు కూడా పెరుగుతుంది.

ఈ మరలకు కావలసిన లోహ పరిజ్ఞానానికి తెలుగునాట కొరత లేదు. హైదరాబాద్‌లో 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ టైటానియం మిశ్రలోహాలను తయారుచేస్తోంది. ముడి టైటానియం స్పాంజిని తయారుచేసే కేరళలోని చవర కర్మాగారం హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల సాంకేతికతతో 2011లో మొదలైంది. గోస్తని పరీవాహక ప్రాంతానికి చెందిన సంగివలసలో దంతవైద్య కళాశాల కూడా ఉంది. అయితే అరకు నుంచి విశాఖకు నూరు కిలోమీటర్లకు మించిన ఘాట్ ప్రయాణం చేయవలసిన గిరిజన వృద్ధులకు శస్త్రచికిత్స ఒక్కటే సరిపోదు. బ్రిడ్జి కింద పాచి పేరుకుంటే చిగురు వాచి ఎముక కరుగుతుంది కాబట్టి ఏటా శుభ్రపరచడం, బిగువు చూడటం అవసరం. స్కాన్, ప్రణాళిక మైదాన ప్రాంతంలో జరిగినా, ఈ క్రమబద్ధ సంరక్షణతో పాటు పొగాకు మాన్పించే సలహా, ఉన్న పళ్లను కాపాడే చికిత్స పాడేరు, అరకు ప్రభుత్వాసుపత్రుల్లోనే అందాలి. తిండి నమిలి తినగలగడం ఆరోగ్యానికి మూలం గనుక, అది స్తోమతను బట్టి దక్కే సౌకర్యంగా మిగలకూడదు.