ఖర్జూరపు తోట నుండి కాఫీ తోట వరకు

పాడేరు కొండలలో కాఫీ తోటలను చూచినవారికి ఆ మొక్క చేసిన సుదీర్ఘ ప్రయాణం స్ఫురించకపోవచ్చును. దాని పుట్టినిల్లు అబిసీనియా. దానిని సాగుకు తెచ్చి, కొండవాలులకు మెట్లు కట్టి, అరుదుగా కురిసే వానను మళ్ళించి పెంచినవారు యెమెన్ రైతులు. 15వ శతాబ్దిలో అక్కడి సూఫీలు రాత్రివేళ జిక్ర్‌లో మేలుకొని ఉండేందుకు కాఫీ త్రాగేవారు. 17వ శతాబ్దిలో బాబా బుడన్ హజ్ నుండి తిరిగివస్తూ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటినారని సంప్రదాయ కథనం. తూర్పు కనుమలలో మొదట 1898లో పాములేరు లోయలో ఒక ఆంగ్లేయుడు కాఫీ నాటించినాడు. క్రమంగా అది గూడెం, చింతపల్లి, పాడేరు ప్రాంతాలకు వ్యాపించినది.

ఒక నేల మొక్క మరొక నేలలో బ్రతకాలంటే ఆ నేలను ఎరిగినవాని సాయం కావాలి. ఇస్లామీయ చరిత్ర ఈ పాఠాన్ని మదీనాలోనే నేర్పినది.

మక్కా సాగుకు వీలులేని లోయ. అక్కడివారు వర్తకులు. మదీనా ఖర్జూర వనాల ఊరు. క్రీ.శ. 622లో హిజ్రత్ చేసి వచ్చిన ముహాజిర్లకు తమ తోటలను పంచి ఇవ్వడానికి అన్సార్లు సిద్ధపడినారు. దైవప్రవక్త (స) అందుకు అంగీకరించలేదు. ముహాజిర్లు తోటపనిలో పాలుపంచుకొనేటట్లు, ఫలసాయం ఇరువురూ పంచుకొనేటట్లు ఒప్పందం కుదిరినదని సహీహ్ బుఖారీ తెలుపుతున్నది. వర్తకులు తోటపని నేర్చినది ఇట్లు, ఆ ఊరి తోటమాలుల ప్రక్కన నిలిచి!

ఖర్జూరంలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగపూల పుప్పొడిని ఆడచెట్టు పూగుత్తులలో చేతితో ఉంచితేనే కాపు బాగుంటుంది. మదీనావారు ఈ పని చేస్తూండగా దైవప్రవక్త (స) చూచి, ఇది చేయకున్నా ఫరవాలేదేమో అన్న భావం వ్యక్తం చేసినారు. వారు మానుకొన్నారు; ఆ యేడు కాపు తగ్గినది. సంగతి తెలిసినప్పుడు ఆయన (స) వారిని తప్పుపట్టలేదు. తమ లౌకిక వ్యవహారాలు వారికే బాగా తెలుసునని సెలవిచ్చినారు. ఈ ఉదంతం సహీహ్ ముస్లింలో ఉన్నది. ధర్మ విషయంలో ఆయన (స) ఆదేశం శిరోధార్యం. అనుభవంతో తేలే లౌకిక విషయంలో ఆ పని ఎరిగినవానిదే మాట అని ఉలమాలు దీనిని వివరించినారు. ఎంతటి వినయమో చూడండి! చదువురాని తోటమాలి చేతిపనికి అంతకు మించిన గౌరవం ఏమున్నది?

క్రీ.శ. 628లో ఖైబర్ స్వాధీనమైనప్పుడూ తోటలు అక్కడి యూదు సేద్యగాండ్ర చేతిలోనే ఉంచబడినవి. వారి వాటా పంటలో సగం. మతం వేరైనంత మాత్రాన వారి విద్య కాదనబడలేదు.

ఎడారి సేద్యపు మర్మం నీడలోను, నీటి వంతులోను ఉన్నది. పైన ఖర్జూరం గొడుగు పట్టగా, దాని నీడన దానిమ్మ, ద్రాక్ష, వాటి క్రింద కూరగాయలు పెరుగుతాయి. ఒమాన్‌లో భూగర్భ కాలువల ద్వారా వచ్చే నీటిని పగలు నీడను, రాత్రి నక్షత్రాలను చూచి వంతులు వేసేవారు. ఇది తరతరాలుగా చేతి నుండి చేతికి వచ్చిన విద్య.

పిమ్మట అందలూసియా పండితులు దీనిని గ్రంథస్థం చేసినారు. 11వ శతాబ్దిలో తొలేదో రాజోద్యానంలో పనిచేసిన ఇబ్న్ బస్సాల్ నేలలను పది రకాలుగా విభజించినాడు. 12వ శతాబ్ది చివర సెవిల్‌కు చెందిన ఇబ్నుల్ అవ్వామ్ తన ‘కితాబుల్ ఫిలాహా’లో పూర్వుల మాటలను ప్రోదిచేసి, వాటిని తన పొలంలో పరీక్షించి చూచినాడు. గ్రంథం ఎంత గొప్పదైనా మట్టి ముందు పరీక్షకు నిలువవలసినదే.

ఇప్పుడు పాడేరుకు వద్దాం. ఇక్కడ ఎడారి లేదు, వాన ఉన్నది. అయినా తోట కట్టుబడి చూస్తే మదీనా తోట గుర్తుకు రాక మానదు. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి ప్రాకిన మిరియపు తీగ, క్రింద నీడన కాఫీ. కాఫీ బోర్డు విత్తనాన్నీ, నారు పెంచే పద్ధతినీ తెచ్చినది. ఏ వాలులో మట్టి నిలుస్తుందో, ఏ పక్క మంచు పడుతుందో ఎరిగినవారు బగతలు, కొండదొరలు, కోటియాలు. రెండూ కలిసినందుననే 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినది.

అయితే ఈ కొండలలోనే చేదు చరిత్ర కూడా ఉన్నది. వలస పాలకులు పోడును అజ్ఞానంగా ఎంచి, 1882 మద్రాసు అటవీ చట్టంతో దానికి సంకెళ్ళు వేసినారు. 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన తిరుగుబాటుకు గల కారణాలలో అదొకటి. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టినారు. కొండవాని అనుభవాన్ని అడగకుండానే చట్టం చేసినవారికీ, తోటమాలి మాటకు తలవంచిన మదీనా సంప్రదాయానికీ ఎంత దూరం!

మన పూర్వుల సేద్య గ్రంథాలను తలచి గర్వించడం సులభం. ఆ గ్రంథాలు ఎవరి అనుభవం నుండి పుట్టినవో వారివంటి వారు నేడు మన పొరుగున ఉన్నారు. వారి ముందు శిష్యులమై కూర్చోగలమా అన్నదే అసలు ప్రశ్న.