దెబ్బ తగలకుండా విరిగే ఎముక

పరుగు అలవాటున్నవారి పాదంలోనో, చీలమండ దగ్గరో ఏ దెబ్బా తగలకుండానే ఎముక చిట్లడాన్ని వైద్యులు స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. దీని చరిత్ర సైనిక శిబిరాల్లో మొదలైంది. దూరపు కవాతులు చేసివచ్చిన సిపాయిల్లో కొందరికి పాదం పైభాగం వాచి, అడుగు మోపలేనంత నొప్పి పుట్టడాన్ని ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ 1855లో వర్ణించాడు. అది ఎముక చుట్టూ ఉండే మెత్తటి కణజాలాల వాపని ఆయన అనుకున్నాడు. ఆయన్ను తప్పుపట్టడానికేమీ లేదు. బతికున్న మనిషి ఒంట్లోకి చూసే సాధనం అప్పటికి లేదు. పైగా కింద పడితేనో, బరువు మీద పడితేనో తప్ప ఎముక విరగదన్నదే అందరి నమ్మకం. 1887లో ఫ్రెంచి వైద్యుడు పోజా, ఈ బాధ మూలం మెటాటార్సల్ ఎముకల పైపొరలో ఉందని చెప్పి అసలు సంగతికి మరికాస్త దగ్గరగా వచ్చాడు. వేళ్ల మొదళ్ల నుంచి పాదం మధ్యదాకా సాగే అయిదు పొడుగు ఎముకలే మెటాటార్సల్స్.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నాడు. రెండేళ్లు తిరగకుండానే, 1897లో, స్టెఖో అనే వైద్యుడు సిపాయిల పాదాలను ఎక్స్‌రే తీసి, ఆ వాపుల అడుగున విరిగిన ఎముకలున్నాయని చూపించాడు. ఎక్కువగా విరిగేవి రెండో, మూడో మెటాటార్సల్స్. రెండోదాని మొదలు పక్క ఎముకల మధ్య బిగుసుకుని ఉంటుంది, అటూ ఇటూ కదలదు. అడుగు ముందుకు తోసే ప్రతిసారీ ఆ సన్నని ఎముకే వంపు బలాన్ని భరించాలి. ఈ విరుపుకు కవాతు ఫ్రాక్చర్ అన్న పేరు స్థిరపడింది.

ఎక్స్‌రే ఒక చిక్కు తీర్చి ఇంకొకటి తెచ్చింది. నొప్పి మొదలైన తొలి రెండు మూడు వారాల్లో పగులు చాలాసార్లు ఫిల్ములో కనబడదు. అతుకుగా కొత్త ఎముక పేరుకున్నాకే అది బయటపడుతుంది. ఎక్స్‌రే బాగుందన్న ధైర్యంతో నొప్పిని లెక్కచేయకుండా నడిచినవారి పగులు మరింత లోతైంది. ఈ వ్యాధి చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే భాగం ఇదే, ఎందుకంటే ఆ పొరపాటు నేటికీ జరుగుతూనే ఉంది.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావడానికి ఎముక జీవం గురించి తెలియాలి. మోసే బరువుకు తగ్గట్టు ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వుల్ఫ్ 1892లో వివరించాడు. ఆ మార్పులో ముందు పాత ఎముక కరుగుతుంది, ఆ తర్వాతే కొత్తది పేరుకుంటుంది. కరగడం త్వరగా అయిపోతుంది, నింపడానికి నెలలు పడుతుంది. కొత్త సాధన మొదలైన కొన్ని వారాలకు కండరం బలపడుతుంది, ఊపిరి కుదురుకుంటుంది, మనిషికి హుషారొస్తుంది. సరిగ్గా అప్పుడే ఎముక తన బలహీనదశలో ఉంటుంది.

క్రీడాకారుల వంతు 20వ శతాబ్దం మధ్యలో వచ్చింది. 1956లో బ్రిటన్‌లో డెవాస్, స్వీట్‌నమ్ అనే శస్త్రవైద్యులు క్రీడాకారుల్లో మోకాలి కింద బయటివైపు ఉండే సన్నని ఎముక ఫిబ్యులాకు వచ్చిన 50 స్ట్రెస్ ఫ్రాక్చర్లను సమీక్షించారు. పరుగెత్తేవారికి ఈ పగులు తరచుగా చీలమండకు కాస్త పైన వస్తుంది. పాదం నడుమ ఉండే నావిక్యులర్ ఎముక కథ ఇంకా విచిత్రమైనది. పందెపు గ్రేహౌండ్ కుక్కల్లో ఈ రకం విరుపు పశువైద్యులకు ముందే తెలుసు. అపసవ్య దిశలో తిరిగే పందెపు బాటలో మలుపుల దగ్గర భారం పడే కుడి వెనకకాలే ఎక్కువగా విరిగేది. మనుషుల్లో దీన్ని 1970లో వర్ణించారు. ఆ ఎముక నడిమి భాగానికి రక్తం అంతంతమాత్రంగా అందుతుంది. నొప్పి ఫలానా చోటని చెప్పలేని విధంగా ఉంటుంది. అందుకే నెలల తరబడి ఎవరూ కనిపెట్టలేని సందర్భాలెన్నో. ఆరు నుంచి ఎనిమిది వారాలు సిమెంటు కట్టు వేసి, పాదం నేలకు ఆనించకుండా ఉంచితే ఎక్కువమందికి అతుక్కుంటుందని తర్వాతి అనుభవం తేల్చింది.

1970లో న్యూయార్క్ తొలి మారథాన్‌లో 127 మంది పరుగు మొదలుపెడితే 55 మంది పూర్తిచేశారు. ఆ దశాబ్దంలోనే పరుగు సామాన్యుల వ్యాయామమైంది, పగుళ్లూ వారి దాకా వచ్చాయి. 1987లో కెనడాలో 320 మంది క్రీడాకారులను పరిశీలిస్తే, సగానికి దగ్గరగా పగుళ్లు మోకాలి కింది టిబియాలోనే ఉన్నాయి. పావువంతు పాదం వెనక సగంలోని టార్సల్ ఎముకల్లో కనిపించాయి. సిపాయిలను వేధించిన మెటాటార్సల్స్ వాటా నూటికి తొమ్మిది కూడా లేదు.

2009 తర్వాత అమెరికాలో అడుగుభాగం పలచగా ఉండే బూట్ల మోజు పెరిగింది. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, పదివారాల్లో ఆ బూట్లకు మారిన 19 మందిలో 10 మందికి పాదపు ఎముకల లోపల వాపు పెరిగినట్టు ఎమ్మారై చూపించింది. బూటు మందమా పలచనా అన్నదానికన్నా, మార్పు ఎంత తొందరగా జరిగిందన్నదే అసలు ప్రశ్నగా కనిపిస్తుంది.

తిండి సంగతి చాలా ఆలస్యంగా లెక్కలోకొచ్చింది. తక్కువ తినడం, నెలసరి ఆగిపోవడం, ఎముక పలచబడడం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని 1990లలో అమెరికా క్రీడావైద్యులు గుర్తించారు. శరీరానికి చాలినంత శక్తి అందకపోతే ఆ నష్టం మగవారికీ తప్పదని 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు చెప్పారు. అందుకే పాదపు ఎముక పగిలి వచ్చిన క్రీడాకారిణిని ఇప్పుడు మంచి వైద్యులు ఎన్ని మైళ్లు పరుగెత్తిందో అడగడంతో ఆగరు. ఏం తింటోందో, నెలసరి సరిగా వస్తోందో కూడా అడుగుతారు.