తాబేలు నేర్పిన చదువు

ఆట చదువునకు శత్రువని మనలో చిరకాలముగా నొక యభిప్రాయము కలదు. బాలుడు వీధిలో గోలీలాడుచున్నచో తండ్రి చెవిపట్టి తెచ్చి పుస్తకమునొద్ద కూర్చుండబెట్టును. నేడు మరియొక విపరీతము పుట్టినది. ఆ తండ్రియే బాలుని కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి, తెరమీద బొమ్మ గంతులు వేసినంతమాత్రమున చదువు వచ్చుచున్నదని సంతోషించుచున్నాడు. ఈ రెండభిప్రాయములును పొరపాటులే యని, గణకశాస్త్రమును బాలురకు ఆటలమూలమున నేర్పజూచిన వారి చరిత్రము తెలుపుచున్నది.

1960 తరువాత అమెరికాలో కంప్యూటరును పాఠశాలలకు తెచ్చినవారు మొదట దానిని పంతులుగా నిలిపిరి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పాట్రిక్ సప్పీసు మొదలగువారు నడపిన పద్ధతిలో యంత్రము లెక్క నిచ్చును. బాలుడు జవాబు చెప్పును. యంత్రము తప్పొప్పులు తెలుపును. లెక్కల యభ్యాసమునకు ఇది పనికివచ్చెను గాని, ఆ యంత్రమునకు పని చెప్పు విద్య బాలునకు దీనివలన రాలేదు.

ఈ వరుసను తిరుగవేసినవాడు సీమోరు పేపర్టు. ఈయన 1928లో దక్షిణాఫ్రికాయందలి ప్రిటోరియాలో జన్మించెను. గణితము చదివి, బాలల బుద్ధివికాసమును పరిశోధించిన జాన్ పియాజే పండితునితో జెనీవాలో కొన్నియేండ్లు పనిచేసి, పిమ్మట అమెరికా చేరెను. 1967లో ఆయనయు, వాలీ ఫ్యూర్జీగును, సింథియా సోలమనును మరికొందరును కలసి, బాలురు యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయదగిన 'లోగో' అను భాషను కల్పించిరి. మొదట మాటలతోను వాక్యములతోను ఆడించిరి. కొలదికాలమునకు తాబేలు వచ్చెను.

ఈ తాబేలు నేలమీద ప్రాకుచు కలముతో గీత గీయు చిన్నయంత్రము. తరువాత అది తెరమీది గుర్తుగా మారెను. 'ముందుకు 100, కుడికి 90' అని నాలుగుమార్లు చెప్పినచో చతురస్రము గీయును. ఇక సమబాహు త్రిభుజము గీయవలెననుకొనుడు. దాని కోణము 60 డిగ్రీలని చదివిన బాలుడు, ప్రతి మూలయొద్దను 60 తిరుగుమని యాజ్ఞాపించును. తాబేలు మూడు గీతలతో షడ్భుజములో సగము గీసి నిలుచును. బాలుడు తెల్లబోవును, లేచి, తానే తాబేలై నేలపై నడచిచూచును, తిరుగవలసినది 120 డిగ్రీలని కనుగొనును. ఇచ్చట బెత్తము లేదు, పరిహాసము లేదు. తప్పు వెదకి దిద్దుకొనుటయే పాఠమైనది. యంత్రము బాలుని నడుపుట కాదు, బాలుడే యంత్రమును నడుపవలెనని పేపర్టు 1980లో 'మైండ్‌స్టార్మ్స్' అను గ్రంథమున వాదించెను.

అయితే తాబేలును తెచ్చి తరగతిలో విడిచినంతమాత్రమున ఫలము కలుగలేదు. న్యూయార్కునందలి బ్యాంక్‌స్ట్రీటు కళాశాలకు చెందిన రాయ్ పీ, మిడియన్ కర్లండు అనువారు, లోగో నేర్చిన బాలురకు ఇతరకార్యములను ముందుగా యోచించి యేర్పాటు చేసుకొను నేర్పు హెచ్చలేదని 1984లో ప్రకటించిరి. పేపర్టు వారి విమర్శను అంగీకరింపలేదు. ఎవరి పక్షమెట్లున్నను, ప్రశ్నలడిగి త్రోవచూపు ఉపాధ్యాయుడు లేనిదే ఆట విద్యగా మారదని నేను తలచుచున్నాను.

ఉపాధ్యాయుడే ముఖ్యుడైనచో యంత్రము లేకయే యీ శాస్త్రమును నేర్పరాదా? నేర్పవచ్చునని న్యూజీలండులోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయమునకు చెందిన టిమ్ బెల్లును, ఆయన మిత్రులు ఇయాన్ విట్టెను, మైక్ ఫెలోసులును నిరూపించిరి. 1990 తరువాత వారు కూర్చిన ఆటలకు కావలసినవి అట్టముక్కలును సుద్దయును మాత్రమే. అయిదు అట్టలపై వరుసగా 1, 2, 4, 8, 16 చుక్కలుండును. ఒక్కొక్క బాలుడు ఒక్కొక్క అట్టను చూపుటయో త్రిప్పిపట్టుటయో చేయును. పందొమ్మిది కావలెననిన 16, 2, 1 చుక్కల అట్టలు కనబడును. ఇట్లు సున్న మొదలు 31 వరకు ఏ సంఖ్యనైనను చూపవచ్చును. కంప్యూటరు లెక్కించు విధానమును ఇదియే.

చదువరులారా! ఛందస్సు నెరిగిన తెలుగువారికి ఇది వింతగాదు. గురువు, లఘువు అను రెండు గుర్తులతో మూడక్షరముల గణములు మ, య, ర, స, త, జ, భ, న అని యెనిమిది యగుచున్నవి, నాలుగక్షరములకైనచో పదునారగును. దీనినే ప్రస్తారమందుము. అంతమాత్రమున పూర్వులు కంప్యూటరును నిర్మించిరని గొప్పలు చెప్పుకొనుట తగదు. ఈ లెక్క మన బాలురకు పరాయిది కాదని మాత్రము చెప్పవచ్చును.

మన దేశమున 2020 సంవత్సరపు జాతీయ విద్యావిధానము, ఆరవ తరగతి మొదలుకొని బాలురకు కంప్యూటరు ఆజ్ఞారచన నేర్పవలెనని చెప్పినది. దీనికై యంత్రములు కొనుట సులభము; ఉపాధ్యాయులను సిద్ధపరచుట కష్టము. ఈ కష్టమును తప్పించుకొన్నచో, ధనికుల బిడ్డలకు తెరమీది బొమ్మలును, పేదల బిడ్డలకు నిరీక్షణమును మాత్రమే మిగులును. యంత్రములు వచ్చువరకు పల్లెటూరి బడి వేచియుండ నక్కరలేదు. అయిదు అట్టముక్కలు కత్తిరించి, పిల్లలతోపాటు నేలమీద కూర్చుండగల ఉపాధ్యాయుడున్న చాలును. రేపే పాఠము మొదలుపెట్టవచ్చును.