అందరికీ ఒకటే సైకిలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం కావాలని కార్యదర్శి గారు అడిగినప్పుడు, "డి.ఏ. లెక్కలు, మెడికల్ బిల్లుల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు, మీరు వేరే ఏదైనా రాయండి" అన్నారు. అందుచేత సైకిలు గురించి రాస్తున్నాను. మనలో చాలామందికి సర్వీసులో చేరిన కొత్తలో మొదటి ఆస్తి సైకిలే. సైకిల్ అడ్వాన్సు తీసుకుని, నెలనెలా జీతంలో కోత పెట్టించుకుని కొన్న బండి. దానికి మునిసిపాలిటీ పన్ను కట్టి బిళ్ల తగిలించడం, రాత్రిపూట దీపం లేకపోతే పోలీసు ఆపడం, ఇవన్నీ ఇప్పుడు మనవలకు చెబితే కథల్లా వింటారు.

అయితే నేను చెప్పబోయేది ఆఫీసు సైకిలు సంగతి కాదు. కాలేజీ విద్యార్థులు జట్లు కట్టి తొక్కే ఒక సైకిలు పందెం చరిత్ర. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్ అనే ఊళ్లో, ఇండియానా యూనివర్సిటీలో ఏటా ఏప్రిల్ నెలలో ఆ పందెం జరుగుతుంది. పేరు "లిటిల్ 500". మా అమ్మాయి, అల్లుడు ఆ రాష్ట్రంలో ఉద్యోగాలు చేస్తుండగా 2019లో నేను, మా ఆవిడ వెళ్లి కొన్ని నెలలు ఉన్నాము. అప్పుడు ఆ పందెం చూడటమే కాక, దాని పూర్వాపరాలు కూడా తెలుసుకున్నాను.

పందెం సైకిలు పుట్టుక

సైకిలు పుట్టిన కొద్ది కాలానికే పందెం కూడా పుట్టింది. 1868 మే 31న పారిస్ పక్కన సెయింట్ క్లౌడ్ తోటలో జరిగిన పందేలు తొలినాటి వాటిలో పేరు పొందాయి. అప్పటి బండికి చైను లేదు, పెడల్సు ముందు చక్రానికే ఉండేవి. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన "రోవర్" సైకిలుతో రెండు చక్రాలు ఇంచుమించు సమానమై, చైను వెనక చక్రానికి వచ్చింది. మనం తొక్కిన సైకిలుకు అదే తాత. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాక వేగం బాగా పెరిగింది. 1903లో ఫ్రాన్సు దేశం చుట్టూ తిరిగే "టూర్ ది ఫ్రాన్స్" పందెం మొదలైంది.

అక్కడినుంచే ఒక చిక్కు వచ్చింది. గెలిచింది మనిషా, సైకిలా? కంపెనీలు తమ బళ్లు అమ్ముకోవడానికి జట్లను పెంచి పోషించాయి. ఈ కంపెనీల పెత్తనంతో విసిగి, టూర్ నిర్వాహకుడు హెన్రీ డెగ్రాంజ్ 1930లో అందరికీ ఒకేరకం పసుపు రంగు సైకిళ్లు, కంపెనీ పేరు లేనివి, తనే ఇచ్చాడు. గేర్లు మార్చే పరికరాన్ని కూడా ఆ పందెంలో 1937 దాకా అందరికీ అనుమతించలేదు.

ఈ చిక్కు నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. 1960ల చివర నేను డిగ్రీ చదివిన కాలేజీలో వార్షికోత్సవానికి రెండు సైకిలు పందేలు పెట్టేవారు. ఒకటి స్లో సైకిల్ రేసు. కాలు కింద పెట్టకుండా అందరికన్నా ఆఖరున వచ్చినవాడు గెలిచినట్టు. రెండోది వేగం పందెం, నలుగురేసి జట్లు. మా జట్టువన్నీ రోజూ పాలకీ, బియ్యానికీ తిరిగే బరువైన బళ్లు. పందెం ముందురోజు మడ్‌గార్డులు, క్యారేజి, స్టాండు, చైన్‌కవరు ఊడదీసి మూటగట్టి ఇంట్లో పెట్టేవాళ్లం. నా కింద ఉన్నది మా అన్నయ్య సైకిలు. ఆ రోజు ఆయన ఆఫీసుకు నడిచి వెళ్లేవాడు. ఎదుటి జట్టులో ఒక అబ్బాయికి విదేశం నుంచి తెప్పించిన వంపు హ్యాండిలు, గేర్లు ఉన్న రేసు సైకిలు ఉండేది. ఒక చేత్తో ఎత్తేంత తేలిక. మూడేళ్లూ కప్పు ఆ జట్టుదే. ఆ అబ్బాయి మంచివాడు, బాగా తొక్కేవాడు కూడా. కాని వాడి కాళ్లు గెలిచాయో, వాడి సైకిలు గెలిచిందో తెలిసే దారి ఎవరికీ లేకపోయింది, వాడితో సహా.

బ్లూమింగ్టన్ పందెం నన్ను ఆకట్టుకున్నది ఇందుకే. అక్కడ ఈ ప్రశ్నకు మొదటి రోజే జవాబు చెప్పారు.

1951లో మొదలు

ఆ పందెం మొదలుపెట్టినవాడు హౌడీ విల్‌కాక్స్. ఇండియానా యూనివర్సిటీకి విరాళాలు సేకరించే ఫౌండేషన్‌కు ఆయన అధికారి. ఆయన తండ్రి పేరు కూడా హౌడీ విల్‌కాక్సే. తండ్రి 1919లో ఇండియానాపొలిస్ 500 మైళ్ల కారు పందెంలో గెలిచిన మొనగాడు. కొడుకు ఆ కారు పందేన్ని సైకిళ్లతో, కాలేజీ పిల్లలతో చేయించాలనుకున్నాడు. పేరు కూడా దానినుంచే వచ్చింది. ఉద్దేశం మాత్రం వినోదం ఒక్కటే కాదు. పగలు చదువు, సాయంత్రం కూలో నాలో చేసుకుని ఫీజు కట్టుకునే విద్యార్థులకు స్కాలర్‌షిప్పు డబ్బు పోగుచేయడం. 1951లో తొలి పందెం జరిగింది. సౌత్ హాల్ అనే హాస్టలు జట్టు గెలిచింది.

కారు పందెంలో 33 కార్లు బరిలో దిగుతాయి. ఇక్కడ 33 జట్లు. జట్టుకు నలుగురు. పావుమైలు గుండ్రటి బాట మీద 200 చుట్లు, అంటే 50 మైళ్లు, మన లెక్కలో 80 కిలోమీటర్లు. బాట సిమెంటుది కాదు, బొగ్గు కసువు పరిచినది. మలుపులో చక్రం జారితే వెనకవాళ్లంతా మీద పడతారు. ముందుగా అర్హత పరీక్ష ఉంటుంది. నలుగురూ తలొక చుట్టు తొక్కి, మధ్యలో మూడుసార్లు సైకిలు చేతులు మార్చి, ఎంత సమయంలో ముగించారో చూసి 33 జట్లను ఎంపిక చేస్తారు.

అసలు సంగతి సైకిలు. అన్ని జట్లకూ ఒకే రకం. గేర్లు లేవు. చేతి బ్రేకు లేదు, పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. పాదాలను పెడలుకు కట్టే పట్టీలు లేవు, మామూలు పెడల్సే. సొంత సైకిలు తెచ్చుకునే వీలు లేదు. లక్షాధికారి కొడుకైనా, హోటల్లో గిన్నెలు కడిగి చదువుకునేవాడైనా ఆ బండే ఎక్కాలి.

ఒక జట్టులోని నలుగురూ ఒకే సైకిలును వంతులవారీగా తొక్కుతారు. ఒకడు అలసి తన స్థానం దగ్గరికి వచ్చి, బండి ఇంకా పరుగులో ఉండగానే పక్కకు దూకుతాడు. రెండోవాడు పక్కన పరుగెత్తుతూ హ్యాండిలు అందుకుని, ఎగిరి సీటు మీద కూర్చుంటాడు. మగపిల్లల పందెంలో కనీసం 10 సార్లు ఇలా మారాలని నియమం. చూస్తుంటే మనకు గుండె గుభేలుమంటుంది. ఈ మార్పులో పోయే రెండు మూడు సెకన్లే చాలాసార్లు గెలుపోటములు తేలుస్తాయి. ఇక బాట మీద గాలితో పోరు. ముందు తొక్కేవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి. వాడి వెనక చక్రానికి దగ్గరగా అంటిపెట్టుకున్నవాడికి నాలుగోవంతు నుంచి మూడోవంతు దాకా శ్రమ తగ్గుతుంది. కనుక కండబలం ఎంత అవసరమో, ఎప్పుడు ముందుకు రావాలి, ఎప్పుడు వెనక దాక్కోవాలి అనే తెలివీ అంతే అవసరం.

139 చుట్లు తొక్కినవాడు

1962 పందెం ఈ చరిత్రలో ప్రత్యేకమైనది. ఆ ఏడు గెలిచిన ఫై కప్పా సై జట్టులో డేవ్ బ్లేస్ అనే విద్యార్థి 200 చుట్లలో 139 తనొక్కడే తొక్కాడు. మిగతా 61 చుట్లూ తక్కినవారు పంచుకున్నారు. ఇటలీ సైకిలు వీరులంటే అతనికి పిచ్చి అభిమానం. ఆ జట్టులోనే స్టీవ్ టెసిచ్ అనే కుర్రవాడు ఉన్నాడు. యుగోస్లావియాలో పుట్టి, 14 ఏళ్ల వయసులో అమెరికా వచ్చినవాడు. అతను పెద్దయ్యాక రచయితై, ఈ స్నేహితుణ్ణి మనసులో పెట్టుకుని ఒక సినిమా కథ రాశాడు. 1979లో పీటర్ యేట్స్ దర్శకత్వంలో "బ్రేకింగ్ అవే" పేరుతో వచ్చిన ఆ సినిమాకు ఉత్తమ స్వతంత్ర స్క్రీన్‌ప్లే ఆస్కారు బహుమతి లభించింది.

ఆ కథలోని నలుగురు కుర్రాళ్లు కాలేజీవాళ్లు కారు. బ్లూమింగ్టన్ చుట్టుపక్కల సున్నపురాయి గనులు ప్రసిద్ధి. న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనానికి వాడిన రాయి ఆ ప్రాంతానిదే. ఆ గనుల్లో రాళ్లు కోసిన కార్మికుల పిల్లలను సినిమాలో కాలేజీ పిల్లలు "కట్టర్స్" అని ఎగతాళి చేస్తారు. యూనివర్సిటీ భవనాలకు రాయి కోసి ఇచ్చిన తండ్రి, ఆ భవనాలు లేచాక వాటిలోకి అడుగుపెట్టడానికి తనే సంకోచిస్తాడు. నాగార్జునసాగర్ కట్టడానికి రాళ్లెత్తిన కూలీల సంగతి ఎరిగిన మనకు ఇది కొత్తగా అనిపించదు. చివరికి ఆ కుర్రాళ్లు "కట్టర్స్" అన్న పేరునే జట్టుకు పెట్టుకుని పందెంలో దిగుతారు. నిజజీవితంలో ఈ పందెం యూనివర్సిటీ విద్యార్థులకే పరిమితం. కాని సినిమా వచ్చాక, ఏ విద్యార్థి సంఘానికీ చెందని విద్యార్థులు కలిసి అదే పేరుతో జట్టు కట్టి, ఎన్నోసార్లు గెలిచారు.

ముప్ఫైఏడేళ్ల ఆలస్యం

ఇంతవరకు చదివి "ఆహా, ఎంత సమానత్వం!" అనుకుంటారు. నేనూ అలాగే అన్నాను. మా ఆవిడ మాత్రం, "మరి ఆడపిల్లలో?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు అంత గొప్పగా లేదు. 1955 నుంచి విద్యార్థినులకు వేరే పందెం పెట్టారు. సైకిళ్లతో కాదు, మూడు చక్రాల బండ్లతో, చిన్నపిల్లలు తొక్కుకునే లాంటివి. జనం నవ్వుకోవడానికి అది బాగానే ఉండేది. 1987లో కప్పా ఆల్ఫా థీటా అనే విద్యార్థినుల సంఘం వారు నలుగురు మగపిల్లల పందేనికే అర్హత పరీక్షకు వచ్చారు. 33 జట్లలో చోటు దక్కలేదు. కాని ఆ ప్రయత్నం వృథా పోలేదు. మరుసటి ఏడాది, 1988లో, మహిళల లిటిల్ 500 మొదలైంది. 100 చుట్లు, 25 మైళ్లు, అదే బాట, అదే రకం సైకిలు. విల్కీ స్ప్రింట్ అనే జట్టు మొదటి కప్పు గెలిచింది. అంటే అందరికీ ఒకటే సైకిలు అన్న పందెంలో ఆడపిల్లలకు ఆ సైకిలు అందడానికి 37 ఏళ్లు పట్టింది.

మేము చూసినప్పుడు శుక్రవారం ఆడపిల్లల పందెం, శనివారం మగపిల్లలది. శుక్రవారం పందెంలో ఒక అమ్మాయి మలుపులో పడి, మోచేయి దోక్కుపోయినా లేచి, బండి తీసుకుని మళ్లీ ఎక్కింది. మా ఆవిడ టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇంటికి వచ్చాక ఆమె అన్నది ఇది: "మా ఊరికి హైస్కూలు మూడు మైళ్లు. మా అన్నయ్యకు సైకిలు కొన్నారు. నన్ను చదువు మానమన్నారు. నేను మానకుండా నడిచి వెళ్లాను." పెళ్లయి నలభై ఏళ్లు దాటాక ఈ మాట మొదటిసారి విన్నాను.

ఇది ఒక్క ఆమె కథ అనుకోనవసరం లేదు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లిచ్చే పథకం పెట్టారు. దాని ఫలితాలను పరిశీలించి ఇద్దరు ఆర్థికవేత్తలు 2017లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, హైస్కూలులో చేరిన బాలికల సంఖ్య 32 శాతం పెరిగింది. ఊరికి బడి ఎంత దూరమైతే అంత ఎక్కువ మేలు కనిపించింది. మా ఆవిడ నడిచిన మూడు మైళ్లకు విలువ ఎంతో ఆ లెక్క చెబుతోంది.

మనకూ ఈ చరిత్రకూ సంబంధం

పింఛనుదారులకు ఈ సంగతి కొత్తగా చెప్పాలా? 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తరువాతివారికి ఒక లెక్క అన్నప్పుడు, ఒకే పని చేసినవారి మధ్య ఆ గీత ఏమిటని డి.ఎస్. నకారా గారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1982 డిసెంబరు 17న వచ్చిన తీర్పు ఆ గీతను చెరిపేసింది. పింఛను ప్రభువుల దయ కాదని, హక్కు అని చెప్పింది. మనం ఏటా ఆ రోజున పింఛనుదారుల దినం జరుపుకుంటున్నాం. గెలుపోటముల సంగతి తరువాత, ముందు బరిలోకి రానివ్వడంలో తేడా ఉండరాదన్నదే అక్కడా, ఇక్కడా విషయం.

లిటిల్ 500 కరోనా కారణంగా 2020లో ఆగి, 2021లో మళ్లీ మొదలైంది. దాని స్కాలర్‌షిప్పులతో చదువుకున్నవారిలో చాలామంది ఇప్పుడు మన వయసువారే అయి ఉంటారు.

చివరగా సంఘం పెద్దలకు ఒక మనవి. వచ్చే డిసెంబరు 17 సభలో ఉపన్యాసాలతోపాటు ఒక స్లో సైకిల్ రేసు కూడా పెట్టించండి. ఆలస్యంగా వచ్చినవారు గెలిచే పందెం కనుక మోకాళ్ల నొప్పులవారు కూడా ధైర్యంగా పేరివ్వవచ్చు. సైకిలు మాత్రం ఒకటే ఉండాలి, అందరూ వంతులవారీగా అదే తొక్కాలి. మహిళా సభ్యుల పేర్లు మొదట రాసుకోవాలి. మా ఇంటినుంచి ఒక పేరు ఇప్పుడే ఇస్తున్నాను. అది నాది కాదు.